శనివారం గాలి

చిట్టీ, నువ్వు పోయావని మీ కాలేజీ సారుకు ఫోన్ చేసి చెప్పింది నేనే. మీ బాపు ఫోన్ నా చేతిలో పెట్టాడు. మామూలు జ్వరమే అనుకున్నాం, అది మెదడుకెక్కిందన్నారు. దవాఖానలో ఎనిమిదో రోజు తెల్లారేసరికి నువ్వు లేవు.

ఇక చిట్టి కాలేజీ పిల్లలూ, మీతో మాట్లాడతాను. నా బిడ్డ చదివిన కాలేజీ వాళ్లు పుస్తకం వేస్తూ, నన్నూ నాలుగు మాటలు రాయమన్నారు. నేను చదివింది ఐదో తరగతి. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

మా ఇల్లు నాంపల్లి స్టేషన్ దగ్గర మూడో అంతస్తు, ఆపైన డాబా. చిట్టి తండ్రి అబిడ్స్‌లో దర్జీ. డాబా మీద బట్టలు ఆరేస్తే సాయంత్రానికి కాలర్ల మీద నల్లటి పొడి కూర్చునేది. చిన్నప్పుడు ఆమె ఆ పొడిని వేలితో తీసి నా నుదుటికి బొట్టు పెట్టి నవ్వేది. కంప్యూటర్ చదువుకు వచ్చాక ఆ పొడినే పట్టుకుంది. రేపు గాలి ఎట్లుంటుందో ఇవాళే చెప్తానంది.

అద్దం ముక్కకు వాజిలీను పూసి, వాన తగలకుండా డాబా మీద చిన్న రేకు గూట్లో పెట్టేది. పొడి వచ్చి దానికి అంటుకుంటుంది. రోజూ సాయంత్రం ఆరింటికి ఆ అద్దం తీసి ఇంకొకటి పెట్టేది. తండ్రి పనిచేసే దుకాణం మీద కూడా ఇట్లాంటిదే ఒకటి. కాలేజీలో ఆ అద్దాలను ఫొటో తీస్తే నలుపు ఎంతుందో కంప్యూటర్ లెక్కపెట్టేదట. గాలి ఎటు వీచింది, వాన పడిందా, సెలవు రోజా, రోడ్డు మీద ఎన్ని బండ్లు పోయాయి, ఇవన్నీ దానికి చెప్పేది. జరిగిన రోజుల్ని చూసి అది రాబోయే రోజును ఊహించడం నేర్చుకుంటుందట. డాబా అంచున నిలబడి బండ్లు లెక్కబెట్టేటప్పుడు పిలిస్తే పలికేది కాదు, అరచెయ్యి ఎత్తి ఆగమనేది.

"కంప్యూటర్‌కు గాలి సంగతి ఏం తెలుస్తదే? దానికి ముక్కుందా?" అన్నాను ఒకసారి.

"లేదు గదమ్మా. గందుకే నీ ముక్కు, నా ముక్కు ఇస్తున్నం."

మాది మెదక్ వైపు. ఆదివారం చర్చిలో ఆరాధనకు పోయేముందు, శనివారమే ఇల్లంతా కడగాలని మా అమ్మ నేర్పింది. గడప నుంచి డాబా దాకా కడుగుతాను. మధ్యాహ్నం డాబా కడుగుతుంటే గూట్లో అద్దం జిడ్డుగా, నల్లగా కనిపించేది. ఎవరైనా పైకొస్తే ఏమనుకుంటారని తుడిచేదాన్ని. తుడిచి, ఆమె పూసినట్టే కొత్త వాజిలీను పూసేదాన్ని. బిడ్డకు పని తగ్గిందనుకున్నాను. శనివారం ఆమె కాలేజీ నుంచి వచ్చేసరికి ఆరు. వచ్చి ఆ అద్దమే తీసుకుపోయేది.

ఒక ఏడాది పని అయ్యాక లక్డీకాపూల్‌లో పెద్దవాళ్ల ముందు తన పని గురించి చెప్పే రోజు వచ్చింది. ముందురోజు సాయంత్రం చీర ఇస్త్రీ చేసుకుంటూ మాకు అప్పజెప్పింది. "శనివారాలు నాంపల్లిల గాలి సగం శుభ్రం. ఆఫీసులకు సెలవు గద, అందుకే. కంప్యూటర్ మంచిగ పట్టేసింది బాపూ."

"మరి మా అబిడ్స్‌ల లేదేంది?" అన్నాడు తండ్రి.

"మీ కాడ శనివారం బేరాలెక్కువ."

నాకేం తెలుసు? మురిపెంగా అన్నాను: "శుభ్రం ఉండక? నేను కడుగుత గద! నీ అద్దం గూడ తుడిచి మళ్ల పూస్త."

ఇస్త్రీ పెట్టె చీర మీదనే ఆగిపోయింది. తండ్రి లాగి పక్కన పెట్టాడు.

"ఎన్ని శనివారాలమ్మా?"

"అన్నీ."

కింద కూలబడి నవ్వింది. నవ్వి నవ్వి ఏడ్చింది. "శనివారం మాట ఎత్తకు బిడ్డా, ఎవరికి తెలుస్తది?" అన్నాడు తండ్రి.

"నాకు తెల్సు గద బాపూ." తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "కంప్యూటర్ తప్పు లేదమ్మా, చూపిచ్చిందే నేర్సుకుంటది. ఒక్క శనివారమన్న డాబా మీద కూసోని చూడకపోతి, అది నా తప్పు."

మర్నాడు అందరి ముందు శనివారాల లెక్క తప్పని తనే చెప్పిందట. నా పేరు ఎత్తలేదు, "నేనే చూసుకోలేదు" అంది. ఎవరో నవ్వారట. సారు మళ్లీ ఏడాది పాటు మొదటి నుంచి చెయ్యమన్నారు. చదువు ఒక ఏడాది వెనక్కి పోయింది. ఆ సాయంత్రం నా చేతిలో ఒక నోటు పుస్తకం పెట్టింది.

"ఇగ నువ్వే రాయాలె. ఊడ్చినా రాయి, కడిగినా రాయి, పక్కోళ్లు చెత్త కాల్చినా రాయి."

"నా రాత సక్కగుండదే."

"సక్కగ అక్కర్లే. ఉన్నది ఉన్నట్టుంటె సాలు."

రాశాను. "ఇవాళ లారీ ఆగి పొగ విడిచింది." "బూజు దులిపాను." వంకర అక్షరాలే. నేను రాసినవి చెప్పాక కంప్యూటర్ ఇంకా బాగా ఊహిస్తోందని ఆమె అంటే, ఆ రోజంతా నా నడకే మారిపోయింది.

ఏడాది నిండడానికి నలభై రోజులుందనగా జ్వరం వచ్చింది. దవాఖానలో కళ్లు తెరిచినప్పుడల్లా ఒకటే మాట, "అద్దం మార్చినవా?" నేను సాయంత్రం ఇంటికి పరుగెత్తి మార్చి వచ్చేదాన్ని. ఏడో రోజు ఆమెను వదిలి కదలబుద్ధి కాలేదు. ఆ రోజూ అడిగింది. "మార్చిన బిడ్డా" అన్నాను. "మంచిది" అని కళ్లు మూసుకుంది. అదే ఆఖరి మాట.

మట్టి చేసి వచ్చిన సాయంత్రం నోటు పుస్తకం తెరిచాను. మార్చానని రాస్తే ఎవరికీ తెలియదు, నా బిడ్డకు నేను చెప్పిన మాట కూడా నిలబడుతుంది. చివరికి రాశాను: "నిన్న అద్దం మార్చలేదు. మార్చానని చిట్టికి చెప్పాను."

మిగిలిన రోజులన్నీ మార్చాను. ఏడాది నిండాక సారు వచ్చి ఆ పేజీ చదివారు, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఆ రోజు గడి ఖాళీగానే ఉంచుదామమ్మా" అన్నారు. పెద్ద కాగితం మీద మూడు వందల చిల్లర గడులు, అన్నింటిలోనూ అంకెలు. మధ్యలో ఒక్కటే తెల్లగా ఉంది. దాని మీద వేలు పెట్టి కూర్చున్నాను.

ఇప్పుడు చిట్టి పనిని ముందుకు నడుపుతూ, అద్దాలు మార్చడానికి మీలో ఎవరో ఒకరు రోజూ మా మెట్లెక్కుతున్నారు. కాలేజీ నుంచి నేరుగా వస్తారు, మొహాలు వడలిపోయి ఉంటాయి. వేళకు అన్నం తినండి. కడుపునిండా తినండి.