గొంతు కింద రెండు పోగులు

మ్యూజియం నేలమాళిగలో పనిచేసే ఆవిడను అందరూ సీసాలక్క అంటారు. చేపలు నిలవ ఉంచిన సీసాల్లో స్పిరిట్ తగ్గితే పోయడం, మూతలు బిగించడం, కొత్తగా వచ్చినవాటిని కడగడం ఆమె పని. ఆమె చెయ్యి పడితే చెడిందన్న మాట లేదు. ఆ ఒక్క పేరుతోనే ఇన్నేళ్లూ తలెత్తుకు తిరిగింది.

మొన్నామధ్య సముద్రపు లోతుల్లోంచి ఒకే వలలో పడ్డ రెండు చేపలు వచ్చాయి. పాములా సాగిన ఒళ్లు, వదులు చర్మం, దవడల వెంట సూదితో పొడిచినట్టు రంధ్రాలు. వీపు రెక్క, తోక, కింది రెక్క విడివిడిగా ఉండవు. దుప్పటి అంచులా చుట్టూ ఒకటే. ఒంటినిండా జిగురు. మొదటిదాన్ని కుంచెతో కడుగుతుంటే గొంతు కింద రెండు పోగులు తగిలాయి. వల తాలూకు దారమనుకుని పీకి సింకులో పారేసింది. రెండోది తర్వాత కడగొచ్చులే అని అలాగే సీసాలో ఉంచేసింది.

చేపల విభాగం పెద్దసారు, రెండోది కడిగేదాకా ఆగకుండా, మొదటిదాన్ని భూతద్దం కింద పెట్టి గంతేసినంత పని చేశారు. ఈ రకం చేపలకు గొంతు కింద బియ్యపుగింజంత రెక్కలు రెండుంటాయి. దీనికి లేవు! కొత్త జాతే! త్వరలో రిటైరయ్యే మనిషి, జీవితమంతా ఎవరెవరో కనిపెట్టిన చేపలకు చీటీలు అంటించినవాడు. ఆ సంతోషం చూడాలి.

"కడిగి బయటపెట్టింది నువ్వు, దీనికి నీ పేరే పెడతానమ్మా," అన్నారు.

ఆమె మొగుడు, తాళాలు బాగుచేసేవాడు, ఆ సంగతి వీధంతా చాటాడు. "పాములాంటి చేపకి మా ఆవిడ పేరట! ఈవిడ సంగతి తెలిసినవాళ్లే పెట్టుంటారు," అని ఒకటే నవ్వు. అతన్ని కసిరిందే గానీ సీసాలక్క కూడా లోలోపల మురిసిపోయింది.

రెండో చేపను కడగబోయిన రోజు ఆ మురిపెం కాస్తా ఆవిరైపోయింది. గొంతు కింద అవే రెండు పోగులు. దారాలు కావు, రెక్కలు. ఆ పూట ముద్ద దిగలేదు. మొగుడు ఏమైందంటే తలనొప్పి అని అబద్ధమాడింది. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? ఆ ఆలోచన వచ్చినందుకే తనమీద తనకు అసహ్యం వేసింది.

మర్నాడు సీసా తీసుకెళ్లి సారు బల్లమీద పెట్టింది. చేపను చూస్తే ఆయనే గ్రహిస్తారనుకుంది. ఆయన చూశారు. ముఖం చేటంత అయింది.

"చూశావా! దీనికి రెక్కలున్నాయి, దానికి లేవు. ఒకే వలలో రెండు జాతులు! ఇంక ఎవడు కాదంటాడో చూస్తా!"

అయ్యో, తప్పు చూపిద్దామని తెచ్చింది రుజువై కూర్చుంది.

"దానికీ ఉండేవి సార్. దారాలనుకుని నేనే పీకేశాను."

ఆయన మొదటి చేప గొంతు కింది చర్మాన్ని సన్నటి కత్తితో మెల్లగా కోశారు. లోపల, రెక్కలను మోసే బుల్లి ఎముకలు చెక్కుచెదరకుండా ఉన్నాయి.

"రెండూ ఒకటే. ఒకే సీసాలో పెట్టెయ్," అన్నారు కత్తి కింద పెట్టి.

నాలుగు తిట్లు తిట్టి ఉంటే ఆమె ప్రాణం కుదుటపడేది. ఆయన తిట్టలేదు. ఆమె మూత బిగిస్తుంటే మాత్రం, తలెత్తకుండానే అన్నారు:

"ఇకమీదట ఏ చేపనైనా కడిగేముందు నన్నొకసారి పిలువమ్మా."

ఇన్నేళ్లలో ఆయన ఆమెతో ఆ మాట అనడం అదే మొదటిసారి.

"అలాగే సార్," అంది సీసాలక్క, బిగిసిన మూతనే ఇంకా బిగిస్తూ.