నాంచారయ్య నాలుగు రౌండ్లు

నేను మచిలీపట్నం బ్యూరోలో క్రీడల విలేకరిగా రిటైరవడానికి ముందు ఏడాది, మార్చి నెలలో ఒక గురువారం జిల్లా డెస్కు నుంచి పురమాయింపు వచ్చింది. శుక్ర, శనివారాలు గుడివాడలో ఉండాలి. అక్కడ ఒక ఫంక్షన్ హాల్లో ప్రొఫెషనల్ బాక్సింగ్ పోటీలు జరుగుతున్నాయి, వాటిలో మన జిల్లా కుర్రాడు మొదటిసారి దిగుతున్నాడు. బందరు, గుడివాడ, దివిసీమల ఆటల వార్తలు ఏళ్ల తరబడి నా చేతి మీదుగానే వెళ్లాయి. కబడ్డీ, వాలీబాల్, ఎడ్ల పందేలు, పడవ పోటీలు రాశాను. ప్రొఫెషనల్ బాక్సింగ్ మాత్రం అదే మొదలు.

కుర్రాడు నాకు కొత్త కాదు. పేరు నాంచారయ్య. నాగాయలంక దాటాక సముద్రం వైపు ఉన్న చిన్న ఊరు వాళ్లది. తండ్రి వేటకు వెళ్లేవాడు. తల్లి వెంకటేశ్వరమ్మ చేపల బుట్టలు ఆటోలో వేసుకుని అవనిగడ్డ మార్కెట్టుకు తీసుకెళ్లేది. నాంచారయ్య చిన్నప్పటి నుంచీ సెలవు రోజుల్లో అలివి వల లాగినవాడు. ఒడ్డున నిలబడి రెండు జట్లుగా తాళ్లు పట్టి లాగే పెద్ద వల అది. వెనక్కి అడుగులు వేస్తూ, గంటల తరబడి, వల ఒడ్డుకు చేరేదాకా ఆగకుండా లాగాలి. కాలేజీ చదువుకని బందరు వచ్చినప్పుడు అతని భుజాలు చూసి ప్రకాశరావు మాస్టారు గ్లవ్స్ తొడిగారు.

ప్రకాశరావు గారు వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరైన మనిషి. చర్చి ఆవరణలో వాడకుండా వదిలేసిన పాత హాస్టలు హాల్లో రెండు ఇసుక సంచులు వేలాడదీసి, సాయంత్రాలు ఉచితంగా బాక్సింగ్ నేర్పేవారు. ఆదివారం మాత్రం సెలవు. ఆ హాలు నుంచి రాష్ట్రస్థాయికి వెళ్లినవాళ్లు చాలామందే ఉన్నారు. జాతీయ పోటీల్లో ఫైనల్ దాకా వెళ్లింది నాంచారయ్య ఒక్కడే. అక్కడ రజతం వచ్చింది. అమెచ్యూర్ బాక్సింగులో మూడు రౌండ్లు ఉంటాయి. అతను ఎప్పుడూ మొదటి రౌండు పోగొట్టుకుని, మూడోది సునాయాసంగా గెలిచేవాడు. రెండోది ఎటు మొగ్గితే ఫలితం అటు. ‘ఆలస్యంగా మేల్కొనే బాక్సర్’ అని నేనే రెండు మూడుసార్లు రాశాను.

ఆ రజతం వల్ల ఒక ప్రభుత్వ శాఖలో క్రీడల కోటా కింద ఉద్యోగం వచ్చింది. సోమవారంలోగా చేరాలి. చేరాక శాఖ జట్టు తరఫున అమెచ్యూర్ పోటీల్లోనే ఆడాలి, ప్రొఫెషనల్ ఒప్పందాలు కుదరవు. ఈలోగా హైదరాబాదు నుంచి శ్రీధర్ అనే ప్రమోటర్ వచ్చాడు. ప్రమోటరంటే పోటీలు ఏర్పాటు చేసి, బాక్సర్లను కుదుర్చుకుని, టిక్కెట్లు అమ్ముకునే మనిషి. గుడివాడలో మొదటి పోటీ గెలిస్తే మూడేళ్ల ఒప్పందం రాస్తానన్నాడు. గెలిస్తే ఒప్పందం, ఓడితే సోమవారం ఉద్యోగం. ఇంట్లో అందరూ ఆ మాట మీదే ఒప్పుకున్నారు. వెంకటేశ్వరమ్మ కొడుకు ఓడాలనే కోరుకుంటోందని ఊళ్లో అనుకునేవారు. ఆవిడ దాన్ని కాదనలేదు.

శుక్రవారం మధ్యాహ్నం బరువులు తూచారు. పొరపాటు జరిగింది అక్కడే. అమెచ్యూర్ పోటీల్లో ఏ రోజు పోటీ ఉంటే ఆ రోజు ఉదయమే బాక్సర్ బరువు చూస్తారు. టోర్నమెంటు నాలుగైదు రోజులు సాగితే ప్రతి పోటీ నాడూ తూకం తప్పదు. అందుకని అమెచ్యూర్ బాక్సర్ పోటీలు ముగిసేదాకా కడుపు నిండా తినడు. ప్రొఫెషనల్ పద్ధతి వేరు. తూకం ముందురోజే అయిపోతుంది. మర్నాడు రింగులోకి దిగేటప్పుడు ఎవరూ తూచరు. కనుక తూకానికి ముందు చెమట కార్చి బరువు దించుకోవడం, తూకం దిగిన మరుక్షణం నుంచి తాగి, తిని మళ్లీ పెంచుకోవడం వాళ్ల అలవాటు.

ప్రకాశరావు గారికి ఈ నియమం తెలియక కాదు. కాగితం మీద చదివారు. కానీ చేతికి పడిన అలవాటు వేరే ఉంది. ఆ సాయంత్రం లాడ్జిలో నాంచారయ్యకు రెండు ఇడ్లీలు, పల్చటి మజ్జిగ ఇచ్చి పడుకోమన్నారు. హర్యానా నుంచి వచ్చిన ప్రత్యర్థి సందీప్ తూకం బల్ల దిగేటప్పుడు బుగ్గలు లోపలికి పోయి, పెదవులు పగిలి ఉన్నాడు. అదే సందీప్ శనివారం సాయంత్రం హాల్లోకి వచ్చేసరికి మెడా భుజాలూ ఏకమై కనిపించాడు.

మాస్టారు నన్ను పక్కకు పిలిచారు.

“చూశారా, మావాడు నిన్నటి మనిషే. వాడు నిన్నటి మనిషి కాడు.”

పోటీల పర్యవేక్షకుడి దగ్గరికి వెళ్లి అడిగితే, అందులో తప్పేమీ లేదని ఆయన మర్యాదగానే చెప్పాడు. మాస్టారు తిరిగొచ్చి కుర్చీలో కూర్చుని తువ్వాలు మడత పెట్టడం మొదలుపెట్టారు. మడత పెట్టిందే మళ్లీ పెట్టారు. నాంచారయ్య చేతులకు పట్టీలు కట్టించుకుంటూ, “కడుపు తేలిగ్గా ఉందిలెండి మాస్టారూ, పరిగెత్తడానికి బాగుంటది,” అన్నాడు.

“ఎవర్నుంచి పరిగెత్తుతావురా?”

“ముందు వాణ్నుంచే కదండీ.”

మా వృత్తిలో ఒక పద్ధతి ఉంది. పోటీ ముగిసే వేళకూ పేజీ మూసే వేళకూ మధ్య వ్యవధి తక్కువైతే వార్త ముందే రెండు రకాలుగా రాసి డెస్కుకు పంపుతాం. గెలిస్తే ఒకటి, ఓడితే ఒకటి. పోటీ అయ్యాక ఫోన్ చేసి ఏది వేయాలో చెప్తే చాలు. నేనూ అలాగే రెండూ పంపి, రింగు పక్కన బల్ల దగ్గర కూర్చున్నాను. నా వెనక వరసలో వెంకటేశ్వరమ్మ, ఆవిడతో పాటు ఊరి నుంచి వ్యానులో వచ్చిన పాతికమంది ఉన్నారు.

అమెచ్యూర్ బాక్సర్లు బనియను వేసుకుంటారు, ప్రొఫెషనల్ బాక్సర్లు వేసుకోరు. మొదటిసారి ఒట్టి ఒంటితో రింగెక్కిన కుర్రాళ్లు కాస్త బిడియపడటం అంతకుముందు పోటీల్లో గమనించాను. సముద్రం ఒడ్డున పెరిగినవాడికి ఆ బిడియం లేదు.

మొదటి పోటీకి దిగేవాళ్లకు నాలుగు రౌండ్లు పెడతారు. మొదటి రౌండులో సందీప్ బరువంతా ముందుకు వేసి వచ్చాడు. ప్రొఫెషనల్ గ్లవ్స్ చిన్నవి, లోపల మెత్త తక్కువ, దెబ్బ చప్పుడే వేరుగా ఉంటుంది. నాంచారయ్య వెనకడుగులు వేస్తూ చేతుల మీద కాచుకున్నాడు. రెండో రౌండులో పక్కటెముకల కింద ఒక గట్టి గుద్దు తగిలి ఒక మోకాలు వంగింది, కింద మాత్రం పడలేదు. వెనక నుంచి ఎవరో “నాంచారూ, రేవులోకి నడవరా, ఎదరకి,” అని అరిచారు. వెంకటేశ్వరమ్మ ఆ అరిచినతన్ని, “నువ్వెల్లు ముందు,” అంది.

రెండు రౌండ్లూ పోయినట్టేనని నేను లెక్క వేసుకున్నాను. ఓడిన వార్త వేయమని చెప్పడానికి ఫోను చేతిలోకి తీసుకున్నాను కూడా. మూడో రౌండు గంట మోగాక ఆ ఫోను మళ్లీ జేబులో పెట్టాను.

సందీప్ నోరు తెరిచి గాలి పీలుస్తున్నాడు. ఒక్క రోజులో దించి, ఒక్క రోజులో నింపిన ఒళ్లు బరువెక్కింది. నాంచారయ్య వెనకడుగులు ఆపేశాడు. ఎడమ చెయ్యి చాచి కొలుస్తూ, ఆ వెంటనే కుడి చెయ్యి, మళ్లీ ఎడమ, తొందర లేకుండా, ఒకే లయలో కొట్టుకుపోయాడు. ఎక్కడా ఒక్క పెద్ద దెబ్బకోసం చెయ్యి విసరలేదు. నాలుగో రౌండులో సందీప్ తాళ్ల వెంబడే తిరిగాడు. ఆఖరి గంట కొట్టేసరికి నాంచారయ్య శ్వాస మామూలుగా ఉంది. నేను అతన్ని ఎన్నో పోటీల్లో చూశాను. అంత శుభ్రంగా ఆడటం అదే మొదలు.

రిఫరీ ఇద్దరినీ చెరో పక్క నిలబెట్టి మణికట్లు పట్టుకున్నాడు. స్కోర్లు చదివారు. ముగ్గురు న్యాయనిర్ణేతల్లో ఇద్దరు, ఇద్దరికీ చెరి రెండు రౌండ్లు ఇచ్చి సమానమన్నారు. రిఫరీ రెండు చేతులూ ఒకేసారి పైకెత్తాడు.

అమెచ్యూర్ బాక్సింగులో డ్రా లేదు. ఎంత సమానంగా ఆడినా ఎవరో ఒకరి చెయ్యే లేస్తుంది. నాంచారయ్య తన చెయ్యి లేచిందని చూసి నవ్వబోయి, పక్కవాడి చెయ్యి చూసి ఆగిపోయాడు. ప్రకాశరావు గారు నా వైపు చూశారు. వెంకటేశ్వరమ్మ నా భుజం తట్టింది.

“అన్నయ్య గారూ, ఇదేంటండీ, ఇద్దరి చెయ్యీ ఎత్తాడు? మావోడు గెలిచినట్టా, ఓడినట్టా?”

రెండూ కాదమ్మా అన్నాను.

“అట్టా ఎలా కుదురుద్దండీ? రేపు ఎల్లుండి మేం ఏం చేయాల?”

జేబులో ఫోను మోగింది. డెస్కులో సబ్ ఎడిటర్ కూడా దాదాపు అదే ప్రశ్న వేశాడు. పంపిన రెండు వార్తలూ పక్కన పడేయమని చెప్పి, హాలు గుమ్మంలో నిలబడి మూడో వార్త ఫోనులోనే చెప్పి రాయించాను.

బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్లేసరికి శ్రీధర్ అక్కడే ఉన్నాడు. డ్రా అయింది కాబట్టి ఒప్పందం ఇప్పుడు రాయలేనన్నాడు. వేసవి తర్వాత ఇదే సందీప్‌తో మళ్లీ ఆడితే, ఈసారి ఆరు రౌండ్లు పెడతానన్నాడు. ప్రకాశరావు గారు తల అడ్డంగా ఊపారు. ఆరు రౌండ్లకు ఇంకా అనుభవం చాలదన్నారు. దేవుడు ఒక ద్వారం చూపించాడు, ఉద్యోగంలో చేరమన్నారు. వెంకటేశ్వరమ్మ గోడకానుకుని కూర్చుని ఉంది. అందరూ నాంచారయ్యను ఓదార్చే ధోరణిలోనే మాట్లాడుతున్నారు.

అతను కనుబొమ మీద మంచుగడ్డ పెట్టుకుని ఉన్నాడు.

“మాస్టారూ, ఒక మాట అడగనా? నేను ఇన్నేళ్లూ లేటుగా ఆడతానని మీరు తిట్టారు. సార్ పేపర్లో కూడా రాశారు. కాదండీ. నాకు ఒళ్లు వేడెక్కేసరికి వాళ్లు ఆఖరి గంట కొట్టేసేవాళ్లు.”

మాస్టారు చేతిలోని తువ్వాలు కుర్చీ మీద పెట్టారు.

“మూడో రౌండు నుంచి వాడి ఊపిరి నాకు వినపడిందండీ. నాకింకా రెండు రౌండ్లు ఉంటే బాగుండనిపించింది. ఆరంటే నాకు ఎక్కువ కాదు. అప్పుడే సరిపోద్ది.”

“ఓడిపోతే?” అని తల్లి అడిగింది.

“ఓడిపోతే పడవెక్కుతానమ్మా.”

“పడవ ఎక్కడికీ పోదులే,” అని ఆవిడ లేచింది. కొంగు దులుపుకుని, కొడుకు దగ్గరికి వెళ్లి కనుబొమ చూసింది. “ఉద్యోగం ఒద్దనుకుంటే ఒద్దు. తారీకు దాటించి ఊరుకోటం మాత్రం కుదరదు. ఆ ఆఫీసరు గారు మనల్ని కుర్చీలో కూర్చోబెట్టి మాట్లాడాడు. సోమవారం ఎల్లి ఎదురుగా చెప్పిరా. నీ బదులు ఇంకొకడన్నా చేరతాడు.”

నాంచారయ్య నా వైపు తిరిగి, సోమవారం దాకా ఈ సంగతి రాయొద్దని అడిగాడు. ఆఫీసరు గారు పేపర్లో చూసి తెలుసుకుంటే బాగోదన్నాడు. సరేనన్నాను. సోమవారం మధ్యాహ్నం బందరు బస్టాండు దగ్గర కలిశాడు. ఆఫీసరు ముందు కోప్పడ్డాడని, తర్వాత టీ తెప్పించాడని చెప్పాడు. ఈలోగా ఇంకో పత్రికకు ఎవరి ద్వారానో తెలిసి మాకంటే ఒక రోజు ముందు వేసేసింది. డెస్కులో నన్ను అడిగారు. జరిగింది చెప్పాను.

ఆ వేసవి అంతా ప్రకాశరావు గారు హాస్టలు హాలులో తన పద్ధతి మార్చుకున్నారు. తూకం తర్వాత ఏం తాగాలి, ఎంత తినాలి అన్నది గుడివాడలో పర్యవేక్షకుడిగా ఉన్న మనిషికే ఫోన్ చేసి అడిగి తెలుసుకున్నారు. ఆ వయసులో ఆ ఫోను చేయడానికి ఎంత పెద్ద మనసు కావాలో నాకు తెలుసు. ఆరు రౌండ్ల పోటీలో నాంచారయ్య మొదటి రెండు రౌండ్లూ మళ్లీ పోగొట్టుకున్నాడు. చివరి నాలుగూ గెలిచాడు. శ్రీధర్ ఒప్పందం రాశాడు. ఇప్పుడు నాంచారయ్య ఎనిమిది రౌండ్ల పోటీలు ఆడుతున్నాడు. ఎంత దూరం వెళ్తాడో నేను చెప్పలేను. అతని వయసుకు ఇంకా చాలా ఆట ఉంది.

బాక్సర్ ప్రొఫెషనల్ కావడమంటే ఒప్పందం మీద సంతకం పెట్టడమని అంతకుముందు అనుకునేవాణ్ని. గుడివాడలో చూశాక ఆ అభిప్రాయం మారింది. ఆ సాయంత్రం నాతో సహా అందరం ఫలితం ఏమిటన్నదే చూశాం. తన శరీరం ఎప్పుడు పనిచేస్తుందో, ఎన్ని రౌండ్లు కావాలో అతనొక్కడే చూసుకున్నాడు. ఆ లెక్క తెలిసిన మనిషికి గెలుపో ఓటమో ఎవరో ప్రకటించేదాకా ఆగాల్సిన పని లేదు. ఆ తర్వాత ఆటగాళ్ల గురించి రాసేటప్పుడు, ఎవరు గెలిచారన్న ప్రశ్నకు ముందు, ఆట ఆపిన క్షణాన ఎవరి ఊపిరి ఎలా ఉందో చూడటం అలవాటు చేసుకున్నాను.