తాత వలదన్న పెడల్

మా చిన్నతనంలో తమిళనాడు ధర్మపురిలోని తెలుగిళ్ళల్లో ఏ మాట ఏ భాషదో ఎవరూ అడిగేవాళ్ళు కారు. గడప లోపల తెలుగు, దాటితే తమిళం. కొన్ని మాటలు మాత్రం ఆ గడప మీదే చెరోవైపు ఒక కాలు వేసుకుని కూర్చునేవి. వాటిలో ఒకటి నా సైకిలుకే ఎసరు పెట్టబోయింది.

చెట్టికరై కాలేజీలో సీటొచ్చింది. బస్సులో వేలాడుతూ పోవడం నా వల్ల కాదు, తాత పాత సైకిలు కావాలన్నాను. దాని ఎడమ పెడల్ వంగిపోయి, తుప్పుతో బిగుసుకుపోయి ఉంది. (కొత్త పెడల్ కొని అప్పటికే మంచం కింద దాచాను.) అమ్మ తేల్చి చెప్పేసింది: "పొద్దు మునిగే లోపల అది ఊడలేదంటే సైకిలు పాత ఇనుము అంగడికి పోతుంది, అంతే!"

అప్పుడే అక్కను పెళ్ళాడిన కొత్త బావ నెల్లూరు వైపు నుంచి వచ్చి ఉన్నాడు. పద్యాలంటే ప్రాణం. "ఇంతేనా, ఇలా తే" అని స్పానరు అందుకున్నాడు. మోకాళ్ళ నొప్పులతో లేవలేని తాత అరుగు మీంచే పర్యవేక్షణ. బావ స్పానర్ని ఎడమవైపుకి ఒక్క గుంజు గుంజాడో లేదో, "వలదు మాప్పిళ్ళే, వలదు!" అని అరిచాడు తాత. (మా దగ్గర అల్లుణ్ణి మాప్పిళ్ళే అనే పిలుస్తారు.) బావ మనసు కరిగిపోయింది. "ఫరవాలేదు తాతగారూ, నాకేం శ్రమ కాదు" అంటూ అటే ఇంకా గట్టిగా గుంజాడు. "అయ్యో, వలదంటా ఉండాను కదా!" "మీరలా మొహమాటపడకండి!" తాత గొంతు పెరిగేకొద్దీ బావకు బలం పెరిగింది, పెడల్ మరింత బిగిసింది. అమ్మ పాత ఇనుమువాణ్ణి పిలవడానికి చెప్పులు వేసుకుంది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

ఏడుపు మధ్యలోనే ఒక అనుమానం. ఇంత మర్యాదస్థుడు పెద్దాయన మాట వినడేం?

"బావా, తాత ఏమంటా ఉండాడు?"

"వద్దంటున్నారు. వలదు! ఎంత అచ్చమైన మాట! మావైపు పద్యాల్లో తప్ప దొరకదు. నేను కష్టపడుతున్నానని పాపం..."

అప్పుడు వెలిగింది నాకు. తమిళంలో వలదంటే కుడి! తాత బస్సు కండక్టరుగా చేసినవాడు. 'రైట్' అంటే బస్సు కదిలిపోతుంది కనక కుడిపక్కను చచ్చినా రైట్ అనడు, వలదనే అంటాడు. సంగతి చెప్పగానే తాత తల పట్టుకున్నాడు. "అన్నం తినే చెయ్యి పక్కకి, మాప్పిళ్ళే! ఎడమ పెడల్‌కి మర తిరగేసి ఉంటుంది, తొక్కేటప్పుడు ఊడిపోకూడదని!" బావ అటు తిప్పాడు. పెడల్ కిర్రుమని కదిలి, చేతిలోకి వచ్చేసింది. అమ్మ చెప్పులు విప్పింది.

చదువయ్యేదాకా ఆ సైకిలు మీదే చెట్టికరైకి తొక్కాను. తాత ఇప్పుడు లేడు. మా ఇంట్లో భోజనాలప్పుడు బావ "వలదు" అంటే చాలు, అమ్మ విస్తట్లో కుడిపక్కన ఇంకో గరిటె వడ్డిస్తుంది. నేనిప్పుడు కారు నడుపుతున్నాను. మలుపు దగ్గర ఫోన్లో దారి చెప్పే అమ్మాయి "వలదు పక్కం" అంటుంది. తిరగమంటోందా, వద్దని బతిమాలుతోందా అని ఒక్క క్షణం ఆగిపోతాను. వెనకవాడు హారన్ కొడతాడు. నవ్వుకుంటూ అన్నం తినే చెయ్యి పక్కకి తిప్పుతాను.