అమ్మమ్మ సంతకం

కనకాలపేటలో అమ్మమ్మ పేరన ఉన్న చిన్న స్థలాన్ని అమ్మ పేరుకి మార్పించడానికి ఈ ఏడాది ఎన్నిసార్లు ఆఫీసు మెట్లెక్కానో నాకే గుర్తులేదు. ఆ స్థలంలో నాలుగు కొబ్బరిచెట్లు, పూడిపోయిన నుయ్యి తప్ప ఏమీ లేవు. పోనీ వదిలేద్దామంటే అమ్మ ఊరుకోదు. అమ్మ పుట్టింది గోదావరి అవతల పల్లెలో. ఫలానావాళ్లకి పుట్టిందని ఎవరూ ఎక్కడా రాయించలేదు. ఎనభై దాటాక ఇప్పుడు పట్టుకుంది: "మా అమ్మ కూతుర్నని ఒక్క కాగితం మీదైనా రాయించవే. తర్వాత ఆ చెట్లేమైపోతే నాకేంటి?"

ఆఫీసులో గుమస్తా మంచివాడే. కాకపోతే వెళ్లిన ప్రతిసారీ ఇంకో కాగితం అడుగుతాడు. చివరికి అమ్మమ్మ పెళ్లి నమోదు కావాలన్నాడు. అది మా ఊరు ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉన్న కాలం నాటిది. పాత రిజిస్టర్లు వెతికించి నకలు తీయించేసరికి వేసవంతా అయిపోయింది. దొరికిన రోజు సంతోషించే ఓపిక కూడా నాకు లేదు. అగ్రహారంలో ఫ్రెంచి వచ్చిన రిటైర్డ్ మాస్టారి దగ్గరికి తీసుకెళ్లి చదివించుకున్నాను. పేర్లన్నీ సరిపోయాయి. కింద పెళ్లికూతురు తెలుగులో సంతకం చేసి ఉంది. గుండ్రటి అక్షరాలు, పొందిగ్గా ఉన్నాయి.

మర్నాడు గుమస్తా పెళ్లి నకలూ స్థలం కాగితమూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు.

"చూడండి మేడం. పెళ్లి కాగితంలో ఈవిడ సంతకం పెట్టారు. తర్వాత ఎప్పుడో స్థలం కాగితంలో వేలిముద్ర వేశారు. సంతకం వచ్చినావిడ వేలిముద్ర ఎందుకేస్తారండి? ఇద్దరూ ఒకరేనని నేనెలా రాసేదండి?"

నిజమే కదా అనిపించింది. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. ఇద్దరూ ఒకరేనని అమ్మ చేత అఫిడవిట్ పెట్టిస్తే చాలన్నాడు. మళ్లీ ఇంకో కాగితమా అనుకుంటూ ఇంటికొచ్చి సంగతి చెప్పాను.

"అది మా అమ్మ కాదు," అంది అమ్మ. "మా అమ్మకి అక్షరమ్ముక్క రాదు. నేను బడికెళ్తానని ఏడిస్తే మా నాన్న ఏవన్నాడో తెల్సా? మీ అమ్మకే రాదు, నీకెందుకే అన్నాడు. మా అమ్మ ఆ పక్కనే కూచుని బియ్యం చెరుగుతుంది. నోరెత్తలేదు."

నేను నకలు మడిచి సంచిలో పెట్టుకుంటుంటే మళ్లీ మాట్లాడింది.

"చేటలో బియ్యం పరిచి, వేలితో ఏదో గీసేదే. నేను దగ్గరికెళ్తే చెరిపేసేది. ముగ్గనుకున్నాను."

అవి అక్షరాలే అయ్యుండాలి. కానీ చేటలో చెరిపేసిన గీతల్ని ఏ ఆఫీసులో చూపించను? పెళ్లయ్యాక అత్తారింట్లో రాయడం మానిపించి ఉంటారులే అన్నాను. అమ్మ నా మాట విన్నట్టు లేదు. ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు.

రెండ్రోజుల తర్వాత అమ్మని ఆటోలో ఎక్కించుకుని అఫిడవిట్లు టైపు చేసే ఆయన దగ్గరికి వెళ్లాను. టైపు చేసింది చదివి వినిపించాడు. ఇంకు ప్యాడ్ ముందుకి జరిపాడు. అమ్మ బొటనవేలు అద్దింది గానీ, కాగితం మీద పెట్టకుండా నా వైపు తిరిగింది.

"మా అమ్మకి వచ్చుండి, నాకెందుకు నేర్పలేదే?"

వెనకాల జనం నిలబడి ఉన్నారు. "ఆయ్, కానీయండమ్మా," అన్నాడాయన. అమ్మ వేలు గట్టిగా నొక్కింది, తీయమనేదాకా తీయలేదు. ఆ ముద్రకి పైన, నేను ఫలానా ఆవిడ కూతుర్ని అని రాసి ఉంది.