ఉత్తరానికి నడిచే ఇసుక

మా వైపు నుంచి చుట్టాలు ఎవరొచ్చినా ముందు బీచ్‌కే తీసుకెళ్ళమనేవారు. మాది కృష్ణా జిల్లాలో కాలవ గట్టు ఊరు. విశాఖలో మల్కాపురంలోని మా ఇంట్లో సంచులు దించీ దించకముందే, రిఫైనరీ వాసనకి ముక్కు మూసుకుంటూనే, సాయంత్రం సముద్రానికి పోదామని మొదలుపెట్టేవారు. ఒకసారి మా మేనత్త చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తూ, ఇంత మెత్తటి ఇసుక ఆ భగవంతుడు తప్ప ఇంకెవరు పొయ్యగలరని మురిసిపోయింది. నాకు ఒళ్ళు మండింది. అక్కడ పోసింది మేమే. పోసీ పోసీ నా అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. అదే మాట చెబితే, పిచ్చివాడిలా మాట్లాడకురా అని నన్నే కసిరింది.

తొంభైల మొదట్లో నేను విశాఖ వచ్చి ఒక డ్రెడ్జింగ్ కాంట్రాక్టరు దగ్గర పైపుల పనిలో చేరాను. ఈ తీరంలో ఇసుక ఒక చోట ఉండదు. అలల వెంట దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తూనే ఉంటుంది. ఓడల కోసం కట్టిన రాతి గోడ ఆ నడకకి అడ్డం. గోడకి దక్షిణాన ఇసుక మేట వేస్తుంది, ఉత్తరాన ఉన్న ఊరి బీచ్ తరిగిపోతుంది. అందుకని ఆ మేటని డ్రెడ్జర్‌తో తోడి, నీళ్ళతో కలిపి, పైపుల్లోంచి బీచ్ మీదకి కొడతారు. పైపుకీ పైపుకీ బోల్టులు బిగించడం, ఎక్కడైనా కారితే తిట్లు తినడం నా పని.

మొదట్లో ఆ పనంటే నాకు గర్వంగానే ఉండేది. పోసిన ఇసుక కొన్నాళ్ళు నిలిచేది. పిల్లలు ఆడుకునేవారు, ముంత కిందపప్పు బళ్ళు వచ్చేవి. రానురాను సముద్రానికి ఏదో పూనినట్టయింది. ప్రశాంతంగా ఉండాల్సిన నెలల్లో కెరటాలు రోడ్డు గోడ దాకా వచ్చేవి. తుపాను పేరు కూడా పెట్టని గాలివానలకి మేము పోసిందంతా ఊడ్చుకుపోయేది. మావాళ్ళందరూ సముద్రాన్ని అమ్మనాబూతులు తిట్టేవారు. నేనూ తక్కువేమీ తినలేదు.

అలాంటి రోజుల్లోనే ఒక జాలరి మా పైపు దగ్గరికొచ్చాడు. నా ఈడువాడే. నల్లటి బురదనీళ్ళతో ఇసుక వచ్చి పడుతుంటే పెళ్ళి భోజనాలు చూస్తున్నట్టు చూస్తూ నిలబడ్డాడు. ఉత్తరాన భీమిలి పోయే దారిలో వాళ్ళ పల్లె. కాసేపటికి నన్ను పక్కకి పిలిచి అడిగాడు.

"బావ, ఈ గొట్టం ఒక్కపాలి మా వేపు తిప్పుతారేటి?"

నేను నవ్వాను. అతను నవ్వలేదు. అప్పుడు కూర్చుని మాట్లాడుకున్నాం. వాళ్ళది అలివి వల. ఒక తాడు కొస ఒడ్డునే ఉంచి, పడవ మీద వలని అర్ధచంద్రంలా చుట్టి వేసి, రెండో కొసని మళ్ళీ ఒడ్డుకి తెస్తారు. అటు కొందరు, ఇటు కొందరు మడమలు ఇసుకలో దింపి లాగుతారు. పల్లెలో సగం మంది చేతులు పడాలి. వేటకి వెళ్ళలేని ముసలివాళ్ళకీ ఆడవాళ్ళకీ కూడా వాటా దొరికే వల అదొక్కటే. కాలు దిగడానికి ఇసుక లేకపోతే ఆ వల లేదు. ఒకప్పుడు పడవలన్నీ పక్కపక్కన పెట్టి, వలలు ఆరేసి, ఇంకా పిల్లలు కబడ్డీ ఆడుకునేంత ఇసుక ఉండేదట. ఇప్పుడు మిగిలిన కాస్త చారికా పోతే వల అటకెక్కించాల్సిందేనని చెప్పాడు.

మా ఇంజనీరుని అడిగాను. మంచివాడే, కసురుకోలేదు. పైపు అంత దూరం పోదు, పని ఈ బీచ్ వరకే అన్నాడు. తర్వాత టీ తాగుతూ అసలు సంగతి చెప్పాడు. సముద్రం వేడెక్కుతోందట, ఉబ్బుతోందట. ఎక్కడో భూమి చివర మంచు కరిగి నీళ్ళు పెరుగుతున్నాయట. ఇదివరకు గాలివానకి పోయిన ఇసుక మంచి రోజుల్లో తిరిగి ఒడ్డెక్కేది, ఇప్పుడు వాయుగుండాల జోరుకి లోతుకి పోయి అక్కడే ఉండిపోతోంది అన్నాడు. మరి ఏం చెయ్యాలండీ అని అడిగితే, టీ గ్లాసు కింద పెట్టి, పోస్తూ ఉండటమే అన్నాడు.

ఇదంతా ఆ జాలరికి చెప్పాను.

"మంచు ఎక్కడో కరిగితే మా ఇసక ఎందుకు పోవాలి బావ? మేం ఆ మంచు మొకం కూడా సూడలేదు."

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం మోసుకు తిరగడం కంటే నరకం లేదు.

రెండు వేల సంవత్సరం దాటాక ఒక వానాకాలం సముద్రం వాళ్ళ పల్లెలో ముందు వరస ఇళ్ళు తీసుకుపోయింది. అందరూ కలిసి ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఇసుక పొయ్యమని అడిగారు. చివరికి లారీలు వచ్చాయి, రాళ్ళతో. ఇళ్ళు నిలబడతాయన్న సంతోషంలో పల్లె మొత్తం కొబ్బరికాయలు కొట్టింది. అతను మైసూర్‌పాక్ పట్టుకుని మల్కాపురం వచ్చాడు. నేనూ తిన్నాను.

రాళ్ళు పని చేశాయి. ఇళ్ళు నిలిచాయి. కానీ కెరటం వచ్చి రాయికి కొట్టుకుని, వెనక్కి పోతూ రాయి కింద ఇసుకని తవ్వుకుపోయింది. మరుసటి ఏడాదికి ఆ రాళ్ళ ముందు గుప్పెడు ఇసుక లేదు. అయినా ఒకరోజు వల వేశారు. ఆడవాళ్ళు నాచు పట్టిన రాళ్ళ మీద జారి పడ్డారు. వల రాళ్ళకి తగులుకుని పాత చీరలా నిలువునా చిరిగింది. ఎవర్ని తప్పుపట్టాలి? రాళ్ళు పోసినవాళ్ళు ఇళ్ళు కాపాడారు. కాదని ఎలా అంటాం?

తర్వాత అతను పని అడుక్కుంటూ నా దగ్గరికే వచ్చాడు. కాంట్రాక్టరుకి చెప్పి మా గుంపులోనే పెట్టించాను. సముద్రం మీద బతికినవాడు, బోల్టు బిగించడం రాక వేళ్ళు నలగ్గొట్టుకుంటుంటే చూడలేకపోయేవాణ్ణి. ఒక్క విషయంలో మాత్రం అతను మా అందరికంటే వేరు. పోసిన ఇసుకని రాత్రికి రాత్రి సముద్రం ఊడ్చేస్తే మేము తిట్టేవాళ్ళం, అతను సంబరపడేవాడు.

"పోనీ బావ, మా వేపే కదా ఎల్తంది," అనేవాడు.

ఇసుక ఉత్తరానికి నడుస్తుందని చెప్పింది నేనే. అది ఇప్పుడు అంత దూరం నడవటం లేదనీ, లోతులో పడిపోతోందనీ కూడా చెప్పాను. ఒకసారి కాదు, చాలాసార్లు చెప్పాను. వినేవాడు, తల ఊపేవాడు, మర్నాడు మళ్ళీ అదే మాట అనేవాడు. చెవిటివాడికి చెప్పినట్టుందని విసుక్కున్నాను కూడా.

ఒక ఆదివారం వాళ్ళింటికి భోజనానికి పిలిచాడు. వాళ్ళ నాన్నని అప్పుడే మొదటిసారి చూశాను. కళ్ళకి పొర కమ్మింది. ఎవరు వచ్చారో గొంతుని బట్టి పోల్చుకుంటున్నాడు. అరుగు మీద ఆ చిరిగిన వల ఒళ్ళో వేసుకుని, చేత్తో తడుముకుంటూ, కన్ను కన్నూ కలిపి అల్లుతున్నాడు. చాలా భాగం అయిపోయింది. ఎదురుగా రాళ్ళకి కెరటాలు కొట్టుకుంటున్నాయి. ఇదెందుకని కొడుకుని మెల్లగా అడిగాను. ఇసుక వస్తోందని రోజూ నాన్నకి చెబుతున్నాననీ, ఆ మాట మానేసిన రోజున ముసలాయన అన్నం ముట్టలేదనీ చెప్పాడు. అతనికి అన్నీ తెలుసని, నేను చెప్పింది ఒక్క ముక్క కూడా చెవి జారలేదని నాకు అప్పుడు అర్థమయింది.

మా గుసగుస విన్నట్టున్నాడు, ముసలాయన అల్లిక ఆపాడు. నా గొంతు వచ్చిన వైపు తిరిగాడు.

"మావోడు నా మనసు కోసం సెప్తాడు. పోసేవోడివి నువ్వు. నువ్వు సెప్పు బాబూ, ఇసక ఎందాకా వచ్చింది?"

నేను ఆయన కొడుకు వైపు చూశాను. అతను నా వైపు చూడలేదు.

"సగం దారికి వచ్చింది మావా," అన్నాను.

ముసలాయన మళ్ళీ అల్లిక అందుకున్నాడు. తర్వాత కొడుకుని పిలిచి, అయితే తాళ్ళు కూడా మార్చాలిరా, పాతవి బరువుకి ఆగవు అన్నాడు.