ఆఖరున చేరిన పిల్ల

మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, టీవీ ముందు కూర్చుంటే చాలు, ప్రపంచమంతా తన కింద పనిచేస్తున్నట్టే మాట్లాడతారు. ఆ రోజు తాడేపల్లిగూడెం నుంచి వట్లూరులోని మా ఇంటికి వచ్చారు. సుష్ఠుగా భోంచేసి, రెండోసారి మజ్జిగ పుచ్చుకుని, ఒలింపిక్స్ ఈత పోటీల మీద తీర్పులు చెప్పడం మొదలుపెట్టారు. ఆయనకీ నాకూ ఎప్పుడూ పడదు. ఆ రోజు అసలే పడలేదు.

అప్పుడు ఈదబోతున్న పిల్లది ఏదో చిన్న ద్వీప దేశం. ఆ పేరు మాలో ఎవరికీ నోరు తిరగలేదు. జట్టు మొత్తం నలుగురేనట. బావగారికి నవ్వు ఆగలేదు. మన వట్లూరంతైనా ఉండదు, దానికో జెండా, ఓ జట్టూనా అన్నారు. మిగతావాళ్లు గట్టు పట్టుకుని ఒగరుస్తున్నా ఆ పిల్ల ఇంకా ఈదుతూనే ఉంది. అంత దూరం వెళ్లి పరువు తీసుకునే బదులు ఇంట్లో కూర్చోవచ్చు కదా అని ఆయన మళ్లీ నవ్వారు. మా ఆయన కూడా నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది.

మా అమ్మాయి నవ్వలేదు. అది ఇంటర్ రెండో ఏడు చదువుతూ ఏలూరులో ఈత నేర్చుకుంటోంది. రాష్ట్ర పోటీలకు వెళ్లాలంటే ఆ సాయంత్రంలోగా ఫారం ఇవ్వాలి, దాని మీద ఇంట్లో పెద్దల సంతకం ఉండాలి. మా ఆయన ఆ తలనొప్పి నా నెత్తిన పడేశారు. నేను రెండు రోజులుగా పెట్టనంటే పెట్టనంటున్నాను. చదువు పాడవుతుందన్నాను, జుట్టు ఊడిపోతుందన్నాను. అసలు కారణం మాత్రం చెప్పలేదు.

నేను పుట్టింది కొల్లేటి మధ్య లంక ఊళ్లో. పదో తరగతిలో డ్రిల్లు మాస్టారు నన్ను ఏలూరులో ఈత పోటీకి తీసుకెళ్లారు. కొల్లేట్లో ఎవరూ తలకిందులుగా దూకరు. దూకితే తల బురదలో దిగబడుతుంది. దోనె అంచు పట్టుకుని, కాలితో అడుగు తడుముకుంటూ దిగుతాం. ఈల వేయగానే అందరూ దబ్బున దూకారు. నేను మాత్రం వెనక్కి తిరిగి, గట్టు పట్టుకుని, కాలితో అడుగు కోసం వెతికాను. ఎంతకీ తగల్లేదు. ఇక తల పైకెత్తి, రెండు చేతులతో నాచు పక్కకి తోసుకుంటూ బయలుదేరాను. ఆ నీళ్లలో నాచెక్కడిది! జనం బాతు, బాతు అని అరిచారు. తీసుకెళ్లిన మాస్టారు కూడా కడుపు పట్టుకుని నవ్వారు. నేను మళ్లీ ఈత జోలికి పోలేదు.

ఇదంతా ఆ మధ్యాహ్నం ఒక్కసారిగా పైకి తన్నుకొచ్చింది. జరిగింది జరిగినట్టు బావగారి ముఖం మీదే చెప్పేశాను. అంతటితో ఆగలేదు.

"ఆ పిల్ల ఆఖరునే వచ్చిందండీ. కానీ వెళ్లింది, ఈదింది. మీరు ఆ గ్లాసు తీసుకెళ్లి వంటింట్లో పెట్టడానికే లేవలేరు. మీకెందుకండీ నవ్వు?"

మా ఆయన ఊరుకోమన్నట్టు సైగ చేశారు. నేను ఊరుకోలేదు. ఎగతాళి చేసేవాళ్ల వల్లే ఆడపిల్లలు నీళ్లు చూసి భయపడుతున్నారని కూడా అన్నాను. బావగారు కండువా దులుపుకుని, చెప్పులేసుకుని, చెప్పకుండానే వెళ్లిపోయారు. పోతే పోనీ అనుకున్నాను. చాలా ఏళ్ల కసి తీరినట్టయింది.

మా అమ్మాయి ఫారం తెచ్చి నా ముందు పెట్టింది. దాని కళ్లలో నీళ్లున్నాయి గానీ గొంతు మాత్రం గట్టిగా ఉంది.

"పెదనాన్న నవ్వి ఊరుకున్నారమ్మా. నువ్వైతే నన్ను అసలు వెళ్లనే వద్దన్నావు."

చెంప ఛెళ్లుమన్నట్టయింది. పెన్ను కూడా అదే నా చేతికిచ్చింది. సంతకం పెట్టాను. నా మీద నాకు పుట్టినంత కోపం ఆ రోజు బావగారి మీద కూడా పుట్టలేదు.