అయ్యగారి చేతిలో గ్లాసు

మా ఊరు కొడకండ్ల పాస్టరయ్యగారు బాప్తిస్మం ఇచ్చే ముందు బావిలోకి తానే దిగి, కాళ్ళకు రాళ్ళు తగులుతాయేమోనని అడుగంతా తడిమి చూసేవారు. అంత పైలమైన మనిషి. "నమ్ముడు ఒక్కటే చాలదక్కా, లోబడాలె, నిండా మునగాలె" అనేవారు.

నా పెనిమిటి మాత్రం రేపు మునుగుతా, ఎల్లుండి మునుగుతా అంటూ ఏళ్ళు గడిపాడు. పక్షవాతంతో మంచాన పడ్డాకే బాప్తిస్మం కావాలని పట్టుబట్టాడు. అయ్యగారిని పిలిపించి, గ్లాసెడు నీళ్ళు చేతికిచ్చాను.

"జర నెత్తి మీద చల్లుండ్రి. బావి దాకా తీస్కపోతే పానం పోతది."

"చల్లితే బాప్తిస్మం కాదక్కా."

"సిలువ మీది దొంగ ఏ బావిల మునిగిండు అయ్యగారూ? ఆయనకు పరలోకం దొరకలేదా?"

అయ్యగారు మంచం పక్కన కూలబడ్డారు. "నన్ను కన్న మా అవ్వ గూడ పోయేముందు గిట్లనే అడిగింది. చల్లితే చెల్లదని నేనే అన్న. ఏడ్సుకుంటనే పోయింది. ఇయ్యాల బావకు చల్లి చెల్లుతదంటే, మా అవ్వ రక్షణను నేనే పోగొట్టినట్టయితది."

"మరి నేను చల్లనా?" అన్నాను. పెనిమిటి వద్దని తల ఊపాడు. ఆయనకు అయ్యగారి చెయ్యే కావాలి.

అయ్యగారు గ్లాసు కింద పెట్టలేదు, నీళ్ళు చల్లనూ లేదు. అట్లా చూస్తుండగానే పెనిమిటి ఊపిరి ఆగిపోయింది.

"బావకు రక్షణ దొరికిందా అని మాత్రం నన్ను అడగకక్కా" అన్నారు అయ్యగారు.

నేను అదే అడగబోయాను. ఆదివారం ఆదివారం ఆయన ముందే కూర్చుంటున్నాను, ఇంకా అడగలేదు.